సీసా మీది '211'.. మీ కొలువుకో దారి!

ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో ఏదైనా కిరాణా కొట్టుకు వెళ్లి టమోటా సాస్ సీసా ఒకటి చేతిలోకి తీసుకోండి. ధర చూస్తాం, గడువు తేదీ చూస్తాం. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది మాత్రం చదవం. ఈసారి చదవండి. చాలా సీసాల మీద 'ప్రిజర్వేటివ్ (ఐఎన్‌ఎస్ 211)' అని కనిపిస్తుంది. అదే సోడియం బెంజోయేట్. సాస్‌లు, పచ్చళ్లు, జ్యూస్‌లు, కూల్‌డ్రింకులు పాడవకుండా ప్రపంచమంతా వాడే నిల్వకారి.

'అది విషమట, ముట్టొద్దు' అనే వాట్సాప్ మెసేజ్‌లు మీకూ వచ్చే ఉంటాయి. 'ఏం కాదులే' అని చేతికొచ్చినంత గుమ్మరించేవాళ్లూ ఉన్నారు. ఇద్దరిదీ పొరపాటే. ఎంత వేయాలి, ఎందుకు అంతే వేయాలి అన్నది లెక్కగట్టి చెప్పగలిగే మనిషి ఈ ఇద్దరికీ అవసరం. కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ చదువుతున్న మీరు ఆ మనిషి కావొచ్చు.

మన టమోటా కథ

ఆలూరు పక్కవాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆలూరు, ఆస్పరి, దేవనకొండ, పత్తికొండ మండలాల్లో టమోటా బాగా పండుతుంది. అమ్మకానికి ఎక్కువమంది పోయేది పత్తికొండ మార్కెట్టుకే. ధర ఉన్నప్పుడు సరే. పంటంతా ఒక్కసారిగా వచ్చి పడితే కిలో రూపాయికి కూడా అడిగేవాళ్లు లేని రోజులున్నాయి. కోత కూలి, ఆటో బాడుగ కూడా గిట్టక రైతులు కాయల్ని రోడ్డు పక్కనే పారబోసి పోయిన ఫొటోలు పేపర్లో ఎన్నిసార్లు చూశామో! టమోటా ప్రాసెసింగ్ యూనిట్ కావాలన్న డిమాండ్ ఇక్కడ ఏళ్లనాటిది. పంట చేతికి రాని ఏడాది మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాలు ఈ పడమటి మండలాల్లో ఎన్నో. మీ క్లాసులో, మీ బెంచీలోనే అలాంటి ఇంటి పిల్లలు ఉంటారు. అది మీ ఇల్లే కావొచ్చు కూడా.

'ఇంత చదివినావు కదప్పా, ఈ కాయలు నాలుగు నెలలు నిలబడేట్లు ఏమన్నా చేయొచ్చా?' అని ఇంట్లో నాయన అడిగితే మీరేం చెబుతారు? ఫ్రిజ్‌లో పెట్టాలంటే కుదరదు. పాతిక గంపల టమోటా ఏ ఫ్రిజ్‌లో పడుతుంది? గుజ్జు తీయాలి, ఉడికించి చిక్కబరచాలి, వేడిగా ఉండగానే శుభ్రమైన సీసాలో నింపి మూసేయాలి. అంతా సరిగ్గా చేసినా ఇంకో చిక్కుంది. కొన్నవాళ్లు మూత తీసి, రోజుకో చెంచా వాడుకుంటూ వారాల తరబడి ఉంచుకుంటారు. అప్పుడూ బూజు పట్టకూడదు. 211 పని అక్కడే.

ఇది చేసే పనేంటి?

బెంజోయిక్ యాసిడ్ ప్రకృతిలోనూ ఉంది. దాల్చినచెక్క, లవంగాల్లో, క్రాన్‌బెర్రీ పండ్లలో సహజంగా కనిపిస్తుంది. చిక్కేమిటంటే అది నీళ్లలో సరిగ్గా కరగదు. మామూలు వేడిలో లీటరు నీటికి మూడు గ్రాములకు కాస్త ఎక్కువ కరుగుతుంది, అంతే. దాని సోడియం లవణమైతే అదే లీటరులో 500 గ్రాములకు పైనే కరుగుతుంది. అందుకే ఫ్యాక్టరీల్లో సోడియం బెంజోయేట్ వాడతారు. పుల్లటి పదార్థంలో పడగానే అది మళ్లీ బెంజోయిక్ యాసిడ్‌గా మారుతుంది.

మీ సిలబస్‌లోని పీహెచ్, పీకేఏ పాఠాలు పనికొచ్చేది ఇక్కడే. బెంజోయిక్ యాసిడ్ పీకేఏ సుమారు 4.2. విడిపోకుండా ఉన్న అణువులే ఈస్ట్, బూజు కణాల పొర దాటి లోపలికి పోగలవు. లోపలికి పోయాక అక్కడ విడిపోయి ఆమ్లాన్ని వదులుతాయి. ఆ ఆమ్లాన్ని బయటికి నెట్టడానికే కణం శక్తంతా ఖర్చయిపోయి, ఇక పెరగలేదు.

లెక్క వేసి చూడండి. పీహెచ్ 3.2 దగ్గర 91 శాతం అణువులు విడిపోకుండా ఉంటాయి. 4.2 దగ్గర సగం. 5.2కు వస్తే 9 శాతమే. అంటే పులుపు లేని పదార్థంలో ఎంత వేసినా దండగే. పాలలోనో, అన్నంలోనో 211 పనిచేయదు. టమోటా గుజ్జు పీహెచ్ రకాన్ని బట్టి, కాయ పండిన తీరును బట్టి ఇంచుమించు 4 నుంచి 4.6 దాకా ఉంటుంది. సరిగ్గా అంచు మీద ఉన్నట్టు. అందుకే సాస్‌లో వెనిగర్ పోస్తారు. రుచి కోసమే అనుకుంటాం కానీ, నిల్వకారి పనిచేయడానికీ ఆ పులుపే కావాలి.

ఇంకో సంగతి. ఇది ఈస్ట్‌నీ, బూజునీ బాగా అడ్డుకుంటుంది. బ్యాక్టీరియా మీద దీని పట్టు తక్కువ. బాట్యులిజం అనే ప్రాణాంతక వ్యాధిని తెచ్చే విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియా పీహెచ్ 4.6 కన్నా ఎక్కువున్న చోట పెరగగలదు. కాబట్టి పీహెచ్ చూడకుండా, సరిగ్గా వేడి చేయకుండా 'ప్రిజర్వేటివ్ వేశాంలే' అనుకోవడం ప్రమాదం. కుళ్లిన కాయను మంచి కాయగా మార్చే శక్తి ఏ నిల్వకారికీ లేదు.

'మరి అమ్మ పెట్టే ఊరగాయలో ఇవేమీ ఉండవు కదా?' అనొచ్చు. ఉంటాయి. ఉప్పు, చక్కెర, నూనె, వెనిగర్, తేనె, మసాలా దినుసులు చట్టం దృష్టిలో మొదటి తరగతి నిల్వకారులు. వాటికి పరిమితి లేదు. బెంజోయేట్లు, సల్ఫైట్లు, సోర్బేట్లు లాంటివి రెండో తరగతి. వీటికి పదార్థాన్ని బట్టి పరిమితి ఉంది, లేబుల్ మీద చెప్పి తీరాలి. అమ్మ ఉప్పు, నూనె దండిగా వేస్తుంది. అంత ఉప్పు, అంత నూనె సాస్‌లో వేయలేం కదా!

విషమా? కాదా?

ఈ గొడవ ఇప్పటిది కాదు. 1902లో అమెరికా వ్యవసాయ శాఖలో ప్రధాన రసాయన శాస్త్రవేత్త హార్వీ వైలీ ఒక ప్రయోగం మొదలుపెట్టారు. పన్నెండు మంది యువకులకు ఉచితంగా భోజనం పెట్టి, ఆ భోజనంతో పాటు బోరాక్స్, ఫార్మాల్డిహైడ్, సోడియం బెంజోయేట్ లాంటి నాటి నిల్వకారుల్ని ఒక్కొక్కటిగా ఇచ్చి ఏమవుతుందో చూశారు. పత్రికలు వాళ్లకు 'పాయిజన్ స్క్వాడ్' అని పేరు పెట్టాయి. ఆ కదలికల ఫలితంగానే 1906లో అమెరికాలో ఆహార, ఔషధ శుద్ధి చట్టం వచ్చింది. బెంజోయేట్‌ను పూర్తిగా తీసేయాలని వైలీ పట్టుబట్టారు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఐరా రెమ్సెన్ నాయకత్వంలో ఇంకో శాస్త్రవేత్తల బృందాన్ని వేశారు. కొద్ది మోతాదులో హాని లేదని ఆ బృందం 1909లో తేల్చింది. బోరాక్స్, ఫార్మాల్డిహైడ్ ఆహారంలోంచి పోయాయి. బెంజోయేట్ మాత్రం పరిమితితో మిగిలింది.

మన ఒంట్లోకి పోయిన బెంజోయేట్ ఏమవుతుంది? కాలేయంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లంతో కలిసి హిప్యూరిక్ యాసిడ్‌గా మారి మూత్రంలో పోతుంది. పేరుకుపోయే గుణం లేదు. రక్తంలో అమోనియా పెరిగిపోయే అరుదైన జన్యు వ్యాధులకు డాక్టర్లు దీన్నే మందుగా వాడతారు.

అలాగని అడ్డూ అదుపూ లేకుండా తినొచ్చని కాదు. జాగ్రత్త పడాల్సినవి ఇవీ..

- బెంజోయేట్, విటమిన్ సి రెండూ ఉన్న పానీయంలో వేడి, వెలుతురు తగిలితే కొద్దిపాటి బెంజీన్ పుట్టొచ్చు. బెంజీన్ క్యాన్సర్ కారకం. 2005-06లో అమెరికాలో పరీక్షలు చేసినప్పుడు కొన్ని కూల్‌డ్రింకుల్లో ఇది కనబడితే కంపెనీలు తయారీ పద్ధతి మార్చుకోవాల్సి వచ్చింది. మన ఎండల్లో కూల్‌డ్రింక్ ట్రేలు కొట్టు బయట పెట్టడం ఎందుకు తప్పో ఇప్పుడు అర్థమైంది కదా.
- 2007లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులు కొన్ని కృత్రిమ రంగులతో పాటు సోడియం బెంజోయేట్ కలిపిన పానీయం తాగించినప్పుడు పిల్లల్లో అతి చురుకుదనం పెరిగినట్టు గమనించారు. రంగుల వల్లా, బెంజోయేట్ వల్లా అన్నది విడదీసి చెప్పలేకపోయారు.
- కొద్దిమందికి దద్దుర్లు రావొచ్చు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇబ్బంది కలగొచ్చు. లేబుల్ మీద అంకె రాయడం వాళ్లకు ఎంతో అవసరం.

చెంచాతో కాదు.. త్రాసుతో!

ఇక అసలు విషయానికి వద్దాం. మన దేశంలో ఫుడ్ టెక్నాలజీ పుస్తకాల్లో ఏళ్లుగా చదువుకుంటున్న పరిమితులు ఇవి: టమోటా సాస్‌లో 750 పీపీఎం, పచ్చళ్లలో 250, టమోటా ప్యూరీలో 250, నేరుగా తాగే పండ్ల పానీయాల్లో 120, స్క్వాష్‌ల్లో 600. పీపీఎం అంటే కిలోకు ఒక మిల్లీగ్రాము. నిబంధనలు సవరిస్తుంటారు కాబట్టి పరీక్షకైనా, ఫ్యాక్టరీకైనా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వెబ్‌సైట్‌లోని తాజా ప్రతిని చూసుకోవాలి.

ఇక్కడో మెలిక. ఈ పరిమితులు బెంజోయిక్ యాసిడ్ లెక్కన ఇస్తారు. మీరు వేసేది సోడియం బెంజోయేట్. యాసిడ్ అణుభారం 122, లవణానిది 144. అంటే ఒక గ్రాము యాసిడ్ కావాలంటే 1.18 గ్రాముల లవణం వేయాలి. 50 కిలోల సాస్‌కు గరిష్ఠంగా ఎంత? 750 మిల్లీగ్రాములను 50తో గుణిస్తే 37.5 గ్రాముల యాసిడ్. దాన్ని 1.18తో గుణిస్తే దగ్గరదగ్గర 44 గ్రాముల సోడియం బెంజోయేట్. 10 కిలోల పచ్చడికైతే మూడు గ్రాములు కూడా దాటదు. మూడు గ్రాములు! చిన్న యూనిట్లలో తప్పు జరిగేది ఇక్కడే. చెంచా అంటే కొలత కాదు. పొడి నునుపుగా ఉందా, గుళికలుగా ఉందా, చెంచా కుప్పగా తీశామా అన్నదాన్ని బట్టి బరువు మారిపోతుంది. పైగా పొడిని నేరుగా గుమ్మరిస్తే ఒకచోటే ఉండలు కడుతుంది. కొద్దిగా వేడినీళ్లలో కరిగించి, అంతటా కలిసేట్టు తిప్పాలి. లేదంటే మొదటి సీసాలో ఎక్కువ, చివరి సీసాలో బూజు!

పరిమితి ఎందుకంత ముఖ్యమో ఒక పిల్లవాడి లెక్కతో చూద్దాం. ఒంటి బరువు కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాముల దాకా తీసుకున్నా ఫర్వాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2016లో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2021లో దాన్ని 20కి పెంచింది. తక్కువ అంకెనే తీసుకుందాం. 20 కిలోల బరువున్న పిల్లవాడికి రోజుకు 100 మిల్లీగ్రాములు. 120 పీపీఎం ఉన్న పానీయం 200 మిల్లీలీటర్ల సీసాలు రెండు తాగితే 48. ఓ 15 గ్రాముల సాస్ నంజుకుంటే ఇంకో 11. మొత్తం 60లోపే. గండం లేదు. అదే తయారుచేసినవాళ్లు 'పాడవకుండా ఉండనీలే' అని నాలుగింతలు వేసి ఉంటే? లెక్క 240 దాకా పోతుంది. పిల్లవాడు తిన్నది అంతే, లేబుల్ మీదా అదే 211. తేడా అంతా తూకం దగ్గరే వచ్చింది. ఆ తూకం మీద నిఘా ఉంచడమే మీరు చేయబోయే ఉద్యోగం.

కొలువులు ఎక్కడెక్కడ?

క్వాలిటీ కంట్రోల్ కెమిస్ట్: జ్యూస్, సాస్, పచ్చళ్లు, నూనె, పాల ఉత్పత్తుల ఫ్యాక్టరీలన్నింటిలో ఉండే ఉద్యోగం. బీఎస్సీతో అడుగుపెట్టొచ్చు. పీహెచ్ మీటరు కాలిబ్రేట్ చేయడం, రిఫ్రాక్టోమీటరుతో బ్రిక్స్ చూడటం, టైట్రేషన్, రికార్డు రాయడం వచ్చి ఉండాలి. బెంజోయేట్ ఎంత ఉందో కచ్చితంగా తేల్చేది హెచ్‌పీఎల్‌సీ యంత్రం. దాని మీద చేయి తిరిగినవాళ్లకు పరీక్షా ల్యాబ్‌ల్లోనూ, ఫార్మాలోనూ అవకాశాలుంటాయి.

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్: కొట్లు, హోటళ్లు, ఫ్యాక్టరీలు తనిఖీ చేసి శాంపిళ్లు తీసే ప్రభుత్వ ఉద్యోగం. ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ టెక్నాలజీ, బయోటెక్నాలజీ, ఆయిల్ టెక్నాలజీ, అగ్రికల్చర్, వెటర్నరీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ డిగ్రీ గానీ, కెమిస్ట్రీలో పీజీ గానీ, మెడిసిన్ గానీ ఉండాలి. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. కెమిస్ట్రీతో బీఎస్సీ ఒక్కటే చాలదు, ఎమ్మెస్సీ కావాలి. మూడు సబ్జెక్టుల డిగ్రీలో మైక్రోబయాలజీ ఒకటిగా చదివినవాళ్లు నోటిఫికేషన్‌లో అర్హత వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు చదివాకే దరఖాస్తు చేయండి.

ఫుడ్ అనలిస్ట్: శాంపిల్‌ను పరీక్షించి రిపోర్టు మీద సంతకం పెట్టే అధికారి. సంబంధిత పీజీ, ఆహార పరీక్షల్లో మూడేళ్ల అనుభవం ఉండి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిర్వహించే పరీక్ష పాస్ కావాలి. ఈ సంతకానికి ఎంత బరువుందంటే, 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద నాసిరకం ఆహారానికి రూ.5 లక్షల దాకా, తప్పుడు లేబుల్‌కు రూ.3 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఆహారం హానికరమని తేలితే జైలు కూడా.

ఇంకా చదవాలనుకుంటే: ఇంటర్ తర్వాత బీటెక్ ఫుడ్ టెక్నాలజీకి ఏపీ ఈఏపీసెట్ దారి. బాపట్లలో ఎన్జీ రంగా వర్సిటీ కాలేజీ ఉంది. జేఈఈ మెయిన్‌తో కుండ్లీ, తంజావూరుల్లోని నిఫ్టెమ్‌లకు పోవచ్చు. డిగ్రీ తర్వాత మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐలో ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీకి ఎంట్రన్స్ రాయొచ్చు. ఇల్లు వదలడం కుదరనివాళ్లకు ఇగ్నో దూరవిద్యలో పండ్లు, కూరగాయల ఉత్పత్తుల డిప్లొమా, ఫుడ్ సేఫ్టీలో పీజీ డిప్లొమా ఉన్నాయి.

ఊళ్లోనే ఉండి మొదలుపెట్టాలంటే?

కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం చిన్న ఆహార యూనిట్లకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల దాకా రుణంతో ముడిపడిన సబ్సిడీ ఇచ్చేలా రూపొందింది. దరఖాస్తులు ప్రస్తుతం తీసుకుంటున్నారా అన్నది జిల్లా ఉద్యాన, పరిశ్రమల శాఖల్లో ముందు కనుక్కోండి. యూనిట్ ఎంత చిన్నదైనా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సీసా మీద 14 అంకెల నంబరు, తయారీ తేదీ, వాడిన నిల్వకారి అంకె ఉండాలి. ఫోస్టాక్ శిక్షణ తీసుకుంటే ఫుడ్ సేఫ్టీ సూపర్‌వైజర్ సర్టిఫికెట్ వస్తుంది. ప్రతి 25 మంది కార్మికులకు అలాంటివాళ్లు ఒకరైనా ఉండాలన్నది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్క. ఆ సర్టిఫికెట్ మీ బయోడేటాలో ఒక వరుస పెంచుతుంది.

ఒక్క మాట మాత్రం నిజంగా చెప్పుకోవాలి. సాస్ తయారుచేయడం కన్నా అమ్మడం కష్టం. పెద్ద కంపెనీల సీసాల పక్కన మీ సీసా నిలబడాలి. అందుకే అప్పు తీసుకునే ముందు ఆర్నెల్లయినా ఎక్కడన్నా యూనిట్‌లో పని చేసి రండి. స్వయం సహాయక సంఘంతో కలిసి పచ్చళ్లు, ప్యూరీ లాంటి వాటితో చిన్నగా మొదలుపెట్టడం మేలు.

ఇంటర్వ్యూలో అడిగితే..

- బెంజోయిక్ యాసిడ్ ఉండగా దాని సోడియం లవణమే ఎందుకు? నీళ్లలో సులువుగా కరుగుతుంది కాబట్టి.
- పాలలో ఎందుకు పనిచేయదు? పాల పీహెచ్ 6.6 దగ్గర ఉంటుంది. విడిపోని యాసిడ్ అక్కడ దాదాపు ఉండదు.
- నేరేడు, ద్రాక్ష రసాల్లో పొటాషియం మెటాబైసల్ఫైట్ బదులు బెంజోయేట్ ఎందుకు? సల్ఫైట్ ఆ రంగును తెల్లబరుస్తుంది.
- మా ఉత్పత్తి 'నో ప్రిజర్వేటివ్' అని లేబుల్ వేయొచ్చా? తయారీలో మీరు వేయకపోయినా, కొని వాడిన ప్యూరీలో ఉందేమో చూడాలి. ఈ జవాబు చెప్పినవాళ్లను ఇంటర్వ్యూ బోర్డు గుర్తుపెట్టుకుంటుంది.

ఈ వారమే మూడు పనులు చేయండి. ఇంట్లో ఉన్న ఐదు ప్యాకెట్లు, సీసాల లేబుళ్లు చదివి ఐఎన్‌ఎస్ అంకెలు నోట్సులో రాసుకోండి. కాలేజీ ల్యాబ్‌లో సార్‌నో, మేడమ్‌నో అడిగి మన టమోటా గుజ్జు పీహెచ్ మీరే కొలవండి. 50 కిలోల లెక్క పైన చూశారు కదా, 35 కిలోలకు మీరే వేసి చూడండి. జవాబు 31 గ్రాములకు కొంచెం తక్కువగా రావాలి.

వచ్చిందా? అయితే నాయన అడిగిన ప్రశ్నకు సగం జవాబు మీ దగ్గర ఉన్నట్టే. మిగతా సగం పని చేస్తూ నేర్చుకోవాల్సిందే.